హోల్డానమ్మ పిజ్జా తిన్న రోజు

ఆవిడ బస్సు కండక్టరు. అసలు పేరు డిపో కాగితాల్లో భద్రంగానే ఉంది గానీ దానితో ఎవరికీ పని పడలేదు. ఆ రూట్లో ఎక్కి దిగేవాళ్ళందరికీ ఆవిడ హోల్డానమ్మ. బండి ఆపాలంటే కండక్టర్లందరూ "హోల్డాన్" అనే అంటారు. ఈవిడ అన్నప్పుడు మాత్రం పక్కన పోతున్న లారీ కూడా ఒకసారి ఆగిందని, దాని డ్రైవరు దిగొచ్చి ఎవరు పిలిచారని అడిగాడని డిపోలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో నిజమెంతో ఆ లారీ డ్రైవరుకే తెలియాలి. మనిషిని చూస్తే మాత్రం పుల్ల. ఖాకీ కోటు ఆవిడ తొడుక్కున్నట్టు ఉండదు, కొక్కేనికి తగిలించినట్టు ఉంటుంది.

సర్వీసంతా కలిపి ఆవిడకు ఒళ్ళు మండే మాట ఒకటే. "ఒక్క స్టాపే కదమ్మా." టికెట్టు ఎగ్గొట్టాలని ఎక్కినవాడు ఎగ్గొడతానని చెప్పడు. ఒక్క స్టాపే కదా అంటాడు. ఇదిగో దిగిపోతున్నా కదా అంటాడు. పైగా నవ్వుతాడు, తప్పంతా అడిగినవాళ్ళదే అన్నట్టు చుట్టూ చూస్తాడు. ఈవిడ దగ్గర ఆ పప్పులు ఉడికేవి కావు.

"ఒక్క స్టాపైనా ఎక్కినట్టే. టికెట్టన్నా తీసుకో, దిగన్నా దిగు. నేను రైట్ అనేదాకా ఈ బండి కదలదు."

కదిలేది కాదు కూడా. ముందు సీట్లో డ్రైవరన్న ఇంజను ఆపేసి, స్టీరింగు మీద మోచేతులు ఆనించి, రోడ్డు మీద పోయేవాళ్ళని చూస్తూ కూర్చునేవాడు. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకే బండి మీద పనిచేశారు. ఆవిడ గొంతుకీ ఆయన కుడికాలికీ మధ్య బుర్రతో పని ఉండేది కాదు. హోల్డాన్ అంటే కాలు బ్రేకు మీద పడేది, రైట్ రైట్ అంటే లేచేది. ఈలోగా బస్సులో జనమంతా ఆ ఒక్క స్టాపు పెద్దమనిషి వైపు తిరిగేవాళ్ళు. ఆఫీసుకి ఆలస్యమవుతున్నవాళ్ళ చూపులు ఎలా ఉంటాయో తెలిసినవాళ్ళెవరూ దాని ముందు ఎక్కువసేపు నిలబడలేరు.

ఒకసారి ఆ బస్సు ఆవిడ వదినే ఎక్కింది. వదిన అంటే భర్తకు అక్క. మనిషి నిండుగా, గట్టిగా ఉంటుంది. ఇంట్లో ఎవరి పెళ్ళి ఎప్పుడో, ఎవరి గోడకు ఏ రంగో ఆవిడే తేల్చాలి. మరదలు కండక్టరుగా ఉన్న బస్సులో టికెట్టేమిటని కాళ్ళు చాపుకుని కూర్చుంది. మరదలు వచ్చి చెయ్యి చాపింది.

"నాకు కూడానా?"

"ఎక్కినవాళ్ళందరికీ వదినా."

వదిన టికెట్టు తీసుకుంది. ఆ చీటీని చాలాకాలం కళ్ళద్దాల డబ్బాలో దాచి, వచ్చినవాళ్ళకల్లా తీసి చూపించింది. అప్పట్నించీ వాళ్ళిద్దరికీ పడదు.

ఇంత నోరున్న మనిషి తిండి దగ్గర మాత్రం నోట్లో నాలుక లేనట్టు ఉండేది. అదెందుకో చెప్పాలి.

చిన్నప్పట్నించీ ఆవిడకు ఏం తిన్నా ఒంటబట్టేది కాదు. కడుపు ఉబ్బరం, నీరసం, నోట్లో పుళ్ళు. డ్యూటీ మధ్యలో కళ్ళు తిరిగితే కడ్డీ పట్టుకుని నిలబడి, కళ్ళు మూసుకునే టికెట్లు కొట్టేది. ఎవరికి చూపించినా బలానికి తినమన్నారు. బలానికని రొట్టె, బన్ను, బిస్కెట్లు తిన్నది, తిన్నకొద్దీ సన్నబడింది. సగం వయసు దాటాక ఒక డాక్టరమ్మ ఓపిగ్గా పరీక్షలన్నీ చేయించి అసలు సంగతి కనిపెట్టింది.

"గోధుమ మీ ఒంటికి పడదు. అందులో గ్లూటెన్ అని ఒకటుంటుంది. అది మీ పేగుల్ని లోపల్నించి పాడుచేస్తోంది. ఇక జన్మలో ముట్టుకోకండి. రవ్వంత కూడా వద్దు."

రవ్వ కూడా గోధుమే కదా అని ఆవిడకు అక్కడే నవ్వొచ్చింది. ఇన్నాళ్ళ బాధకు ఒక పేరున్నందుకు ఏడుపు కూడా వచ్చింది.

భర్త గడియారాలు బాగుచేసే మనిషి. చిన్న చిన్న చక్రాల మధ్య బతికినవాడు కాబట్టి ఇసుక రేణువంత దుమ్ము పడితే ఏమవుతుందో ఆయనకు చెప్పాల్సిన పని లేదు. ఆ సాయంత్రమే ఇంట్లో గోధుమపిండి డబ్బా బయట పెట్టేశాడు, పెనం కొత్తది తెచ్చాడు. ఇంటి వరకూ ఆవిడకు ఏ ఇబ్బందీ రాలేదు. ఇబ్బందల్లా గడప దాటాక మొదలైంది.

మన భాషలో "పడదు" అన్న మాట ఉంది చూశారూ, అదే ఆవిడ కొంప ముంచింది. ఒంటికి సరిపడకపోయినా పడదనే అంటాం, మనిషితో పొసగకపోయినా పడదనే అంటాం. బంధువులింట్లో ఏదో విందు. ప్లేటు చేతికిస్తే ఆవిడ నెమ్మదిగా, "నాకు గోధుమ పడదండీ" అంది. వదిన అక్కడే ఉంది.

"దానికి పడేదేముంది? నాతో పడదు, పక్కింటివాళ్ళతో పడదు, బస్సెక్కినవాళ్ళతో పడదు. ఇప్పుడు గోధుమతో కూడా తగువు పెట్టుకుందన్నమాట."

గది గదంతా పకపకా నవ్వింది. నవ్వొచ్చే మాటే, అది ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఎవరింటికి వెళ్ళినా ఆ మాట ఆవిడకన్నా ముందే వెళ్ళి కూర్చునేది. "గోధుమతో రాజీ పడ్డావా?" అని పలకరించేవాళ్ళు. నవ్వులాటగా మారిన జబ్బుని ఎవరు నమ్ముతారు? ఒక పుట్టినరోజు నాడు వదిన కేకు ముక్క నోటి దాకా తెచ్చింది. "ఒక్క ముక్కే కదా, చచ్చిపోతావా?" అంది. అందరూ చూస్తున్నారు. పుట్టినరోజు పిల్ల కూడా చూస్తోంది. గొడవెందుకని తిన్నది. చచ్చిపోలేదు. కాకపోతే మంచం దిగడానికి చాలా రోజులు పట్టింది. డ్యూటీకి వెళ్ళలేక, పక్క మీదే ముడుచుకుని, తన మీద తనకే అసహ్యం వేసి గోడకేసి తిరిగి పడుకుంది.

అప్పట్నించీ స్టీలు డబ్బా మొదలైంది. ఎక్కడికి వెళ్ళినా అన్నం, కూర డబ్బాలో పెట్టుకుని వెళ్ళడం, అందరూ తింటుంటే ఒక మూల కుర్చీ లాక్కుని చల్లారిన అన్నం తినడం. పిల్లలు డబ్బా అత్త అన్నారు. పెద్దవాళ్ళు వేషాలన్నారు. మన ఇంటి తిండి ఆవిడకు పనికిరాదు కాబోలు అని పిలిచిన ఇంటివాళ్ళు మొహం మాడ్చుకున్నారు. బస్సులో అంతమందిని నిలదీసిన మనిషి ఆ మూల కూర్చుని మూత చప్పుడు కాకుండా తీసేది.

ఇక ఆ బోర్డు సంగతి. ఆవిడ రూట్లోనే ఒక స్టాపు దగ్గర కొత్తగా పిజ్జా హోటలు వెలిసింది. ఎర్ర అక్షరాల పెద్ద బోర్డు, దాని కింద చిన్న బోర్డు, "గ్లూటెన్ లేని పిజ్జా కూడా దొరుకును." ఫుట్‌బోర్డు మీద నిలబడి మొదటిసారి అది చదివిన రోజు ఆవిడ రైట్ అనడం మర్చిపోయింది. ఏమైందో అని డ్రైవరన్న అద్దంలో వెనక్కి చూశాడు. ఆ తర్వాత రోజూ ఆ స్టాపులో కళ్ళు అటే పోయేవి. అద్దాల వెనక మనుషులు ఎదురెదురుగా కూర్చుని, ఒకే పళ్ళెంలోంచి తుంచుకుని తింటూ ఉండేవాళ్ళు. ఎవరి ముందూ డబ్బా లేదు. రిటైరయ్యే రోజు దగ్గర పడ్డాక విందు ఎక్కడని కూతురు అడిగితే ఆవిడ ఆలోచించలేదు.

"ఆ బోర్డున్న చోట."

వదినకు కబురు అందింది. ఫోను చేసింది.

"ఇదిగో అమ్మాయ్, పిజ్జా అంటే అంతా గోధుమేనటగా. నీ డబ్బా మర్చిపోకు మరి."

రిటైరైపోతున్నా వదిన దృష్టిలో ఆవిడ ఇంకా అమ్మాయే.

"డబ్బా తేను వదినా. అందరితో పాటు కూర్చుని, అందరిలాగా ప్లేట్లో తింటాను. ఇది నా విందు."

"చూద్దాం" అంది వదిన. ఆ చూద్దాంలో ఎంత విషం ఉందో మీరే ఊహించుకోండి.

ఆఖరి డ్యూటీ పొద్దుటి షిఫ్టు. సంచీ, టికెట్ల మిషను డిపోలో అప్పగించి, మెడలో దండలతో సహా, తర్వాతి షిఫ్టువాళ్ళు తీసిన అదే బస్సెక్కి ఆ స్టాపులో దిగింది. ఖాకీ కోటు విప్పలేదు. పక్కన డ్రైవరన్న. హోటలు గుమ్మం దగ్గర భర్త, కూతురు, వదిన ఎదురుచూస్తున్నారు. భర్త భుజానికి ఒక గుడ్డసంచీ ఉంది. ఎందుకని ఆవిడ అడగలేదు.

లోపల ఎర్రబల్లలు, కాగితం రుమాళ్ళు, కరిగిన చీజు వాసన. ఒకవైపు అద్దం గోడ, దాని వెనక వంటగది. రాతిబల్ల ముందు ఒక లావుపాటి వంటావిడ మోచేతుల దాకా తెల్లగా నిలబడి, పిండి ముద్దని చేతుల మీద తిప్పి తిప్పి వెడల్పు చేస్తోంది. వెయిటరు వచ్చాడు. సన్నమీసం, చేతిలో పెన్ను.

"నాకు గోధుమ పడదు బాబూ. బోర్డు మీద రాశారే, అది కావాలి" అంది హోల్డానమ్మ.

"ఇష్టం ఉండదా మేడమ్? పర్లేదు, చాలామంది సన్నబడ్డానికి అదే తీసుకుంటారు."

డ్రైవరన్నకు నీళ్ళు పొలమారాయి. "ఆవిడ ఇంకా సన్నబడితే టికెట్టు వెనక దాక్కోవచ్చయ్యా" అన్నాడు. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది. నవ్వుతూనే లోపల ఏదో ముల్లు గుచ్చుకుంది. ఇష్టం లేకపోవడం వేరు, పడకపోవడం వేరు. అది అప్పుడే చెప్పి ఉండాల్సింది. మొదట్లోనే గొడవెందుకులే అని ఊరుకుంది.

పళ్ళేలు వచ్చాయి. అందరివీ ఒకేసారి వచ్చాయి, ఆవిడది కూడా. గుండ్రంగా, ఎర్రగా, మీద చీజు బుడగలు కక్కుతూ. ఆవిడ ముందు ప్లేటు పెట్టినప్పుడు భర్త కళ్ళు ఆమె మొహం మీదే ఉన్నాయి. ఎన్నేళ్ళకో అందరి మధ్యలో, అందరిలాంటి ప్లేటు. ఆవిడ పళ్ళేన్ని కాస్త దగ్గరికి లాక్కుంది. ఒక ముక్క అంచు పట్టుకుని పైకి ఎత్తింది.

ముక్క అడుగున తెల్లగా పొడి అంటుకుని ఉంది.

ఆవిడ ముక్కని అలాగే పట్టుకుని అద్దం గోడ వైపు చూసింది. వంటావిడ రాతిబల్ల మీద గుప్పెడు పిండి చల్లి, తర్వాతి ముద్దని దాని మీద వేస్తోంది.

"బాబూ, దీని కింద ఈ తెల్లటిదేంటి?"

"పొడిపిండి మేడమ్. బల్లకి అంటుకోకుండా చల్లుతారు."

"ఏ పిండి?"

వెయిటరు కాస్త నీళ్ళు నమిలాడు. "మామూలు పిండే మేడమ్. లోపల ముద్ద మాత్రం వేరే, గ్లూటెన్ లేనిదే. పైన కొంచెం చల్లుతారంతే. కొంచెమే మేడమ్."

"దులుపుకుని తినెయ్యి" అంది వదిన. ఆవిడ అప్పటికే తన ముక్క అంచు తుంచి నోట్లో వేసుకుంది. "ఒక్క ముక్కే కదా. ఆ మాత్రానికి ఇంత రాద్ధాంతమా?"

కూతురు బల్ల కింద తల్లి చెయ్యి పట్టుకుంది. భర్త గుడ్డసంచీలోంచి స్టీలు డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

"ముందే అనుకున్నానే. ఇది తినెయ్యి, గొడవెందుకు?" అన్నాడు మెల్లగా. ఆయన మాటలో ప్రేమే ఉంది. అందుకే ఆవిడకు ఇంకా కోపం వచ్చింది.

డబ్బా వైపు చూసింది. మూత తీస్తే చాలు, అంతా సర్దుకుంటుంది. ఎవరూ ఇబ్బంది పడరు. వదిన ఆ నవ్వు నవ్వుతుంది, డ్రైవరన్న చూడనట్టు తల తిప్పుకుంటాడు, మిగతావాళ్ళు వేడివేడిగా తింటారు. ఆవిడ తన విందులో తానే మూల కుర్చీ మనిషి అవుతుంది. కేకు తిన్న రోజు గోడకేసి తిరిగి పడుకున్నది గుర్తొచ్చింది. కడుపులో ఆకలి, దాని మీద భయం, ఆ రెండిటి మీద మంట.

ఒక్క ముక్కే కదా. కొంచెమే కదా.

ఈ గొంతు తనకు తెలుసు. ఈ నవ్వూ తెలుసు. ఏళ్ళ తరబడి వెనక తలుపు దగ్గర నిలబడి విన్నదే. ఒక్క స్టాపే కదమ్మా. ఇంతకాలం ఈ మాటని బస్సులో పట్టుకుంది, బల్ల దగ్గర వదిలేసింది. తన బస్సుకి ఉన్నపాటి విలువ తన కడుపుకి లేకుండా పోయిందా అని ఆవిడకు సిగ్గేసింది. ఆ సిగ్గులోంచే గొంతు లేచింది.

"హోల్డాన్."

బల్ల కింద డ్రైవరన్న కుడికాలు తనంతట తానే బల్ల అడ్డకర్ర మీద పడింది. బల్ల ఎగిరి పడింది, నీళ్ళగ్లాసు ఒకటి ఒరిగిపోయింది. చుట్టుపక్కల బల్లల దగ్గర నోటి దాకా వెళ్ళిన చేతులు అక్కడే ఆగాయి. అద్దం గోడ వెనక వంటావిడ చేతుల మీద తిరుగుతున్న పిండి ముద్ద కింద పడింది.

"ఎవరూ మొదలుపెట్టొద్దు. నేను రైట్ అనలేదు" అంది హోల్డానమ్మ.

"అమ్మా, అందరూ మనవైపే చూస్తున్నారు" అంది కూతురు.

"చూడనీ. నన్ను రోజూ బస్సు నిండా చూసేవాళ్ళే."

"గొడవ పెట్టకే" అన్నాడు భర్త.

"ఇది గొడవ కాదండీ, అడగడం. గొడవని మీరంతా పేరు పెట్టారు."

వంటావిడ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ఆవిడ కూడా తక్కువ మనిషి కాదు. కనుబొమలు ముడిపడే ఉన్నాయి. "ఏంటమ్మా మా పిజ్జాకి వచ్చిన లోటు? పిండి వేరే ప్యాకెట్టు. ముద్ద వేరే గిన్నెలో కలిపా. మా బోర్డు మీద అబద్ధం లేదు."

"గిన్నె వేరే. బల్ల వేరేనా?"

వంటావిడ వెనక్కి తిరిగి రాతిబల్ల వైపు చూసింది.

"కోసిన కత్తి వేరేనా? పొయ్యిలో పెట్టే పళ్ళెం వేరేనా? నాకు గోధుమంటే అయిష్టం కాదమ్మా, చిన్నప్పుడు బన్ను కోసం ఏడ్చినదాన్నే. అది నా పేగుల్ని తినేస్తుంది. కొంచెమైనా తింటుంది. నా ఇష్టాయిష్టాలు మీరు చూడక్కర్లేదు. రాసింది రాసినట్టు పెట్టండి, లేదా ఆ బోర్డు దింపెయ్యండి."

వంటావిడ తన చేతుల వైపు చూసుకుంది. మోచేతుల దాకా గోధుమపిండే. మాట్లాడేటప్పటికి గొంతులో ఆ బిగువు లేదు.

"ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదమ్మా."

"అడగలేక అడగలేదేమో. కడుపు పట్టుకుని ఇంటికి వెళ్ళి, తప్పు తమదే అనుకుని ఉంటారు."

మూల బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్న ఒక మనిషి తన ప్లేటుని మెల్లగా దూరం జరిపాడు. వంటావిడ అటు చూసింది, ఆ ప్లేటులో ఉన్నది ఏ పిజ్జానో ఆవిడకు తెలుసు.

"బల్లంతా కడగాలి. ఇనప్పెనం కొత్తదొకటుంది, దాని మీద చేస్తా. కొత్త ప్యాకెట్టు విప్పుతా. బట్టలు కూడా మార్చుకుంటా" అంది. "కానీ చాలా టైము పడుతుందమ్మా."

"పడనీ. అదొక్కటైనా నాకు పడుతుంది కదా."

వంటావిడ మొహం మీద నవ్వు వచ్చీ రానట్టు వచ్చింది. లోపలికి వెళ్ళి పొయ్యి ముందున్న వాళ్ళందరినీ పక్కకు జరగమంది. కాసేపటికి రాతిబల్ల మీద నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది.

"అంటే, ఇప్పుడు మేమంతా కూర్చోవాలా?" అంది వదిన. "ఇవన్నీ చల్లారి రాయైపోతాయి."

"చల్లారనివ్వండి వదినా. ఇన్నేళ్ళూ నేను చల్లారిందే తిన్నా."

హోల్డానమ్మ ముక్కని ప్లేట్లో పడేసి, చేతులు సబ్బుతో కడుక్కొచ్చి కూర్చుంది. డ్రైవరన్న తన పిజ్జాని కాసేపు ఆశగా చూసి, తర్వాత ప్లేటుని ముందుకు తోసి చేతులు కట్టుకున్నాడు. ఆయనకు ఇలా కూర్చోవడం అలవాటే. వాళ్ళ బండి ఇంతకన్నా ఎక్కువసేపు ఆగిన రోజులున్నాయి. చీజు గడ్డకట్టింది. వెయిటరు రెండుసార్లు వచ్చి, వేడి చేసి తెమ్మంటారా అని అడిగి, ఆవిడ చూపు చూసి వెళ్ళిపోయాడు. భర్తకు మాత్రం కుర్చీలో కుదురు లేదు. ఆవిడ ఆకలి ఆవిడకన్నా ఆయన్నే ఎక్కువ బాధపెడుతోంది.

ఆవిడే స్టీలు డబ్బా అందుకుంది. మూత ఠంగుమనేలా తీసి బల్ల మధ్యలో పెట్టింది.

"ఆకలేసినవాళ్ళు ఇది తినండి. దీని రుచి ఎలా ఉంటుందో మీకూ తెలియాలి."

మొదట డ్రైవరన్న చెంచా అందుకున్నాడు. తర్వాత కూతురు. రెండు ముద్దలు తినేసరికి కూతురు కళ్ళు కిందికి దిగాయి, డబ్బాని మేనత్త వైపు జరిపింది. వదిన చాలాసేపు దాన్ని చూసింది. అన్నేళ్ళు దాని మీద అన్ని జోకులేసింది గానీ ఒక్కసారీ అందులో ఏముందో చూడలేదు. ఒక చెంచా తీసుకుంది.

"చప్పగా ఉంది" అంది.

"చల్లారితే అలాగే ఉంటుంది వదినా."

వదిన ఇంకో చెంచా తీసుకుంది.

చివరికి వంటావిడే ఇనప్పెనం గుడ్డతో పట్టుకుని తెచ్చింది. ఒంటి మీద ఉతికిన బట్టలు, చేతులు ఎర్రబడేలా కడుక్కుంది. పిజ్జా గుండ్రంగా లేదు. అంచులు విరిగాయి, ఒకపక్క మాడింది, ఇంకోపక్క టమాటా కారిపోయింది. అద్దంలోంచి చూసిన వాటిల్లో ఇంత అనాకారిది ఒక్కటీ లేదు.

"పొడిపిండి చల్లకుండా చేస్తే ఇలాగే వచ్చింది. ఈ రకానికి గిన్నె, పెనం, కత్తి వేరే తెప్పిస్తాను. అవి వచ్చేదాకా ఆ బోర్డు దించేస్తా" అంది వంటావిడ. బతిమాలినట్టు కాదు, ఇంకోసారి మాట పడనన్నట్టు.

హోల్డానమ్మ పెనం మీదికి వంగింది. ఆవిరి మొహానికి తగిలింది. వేడి. డబ్బా మొదలయ్యాక ఇంటి బయట, నలుగురి మధ్యలో ఆవిడ మొహానికి తగిలిన మొదటి తిండి వేడి అదే. ఒక ముక్క తుంచబోయింది.

అప్పుడు వదిన చెయ్యి పెనం వైపు వచ్చింది. ఎదురుచూసిన అంతసేపూ ఊరుకోలేక తన చల్లారిన పిజ్జా అంచుల్ని దొంగచాటుగా గిల్లుతూనే ఉంది, వేళ్ళ నిండా పొడి ఉంది, పెదవి మీద ఒక నలుసు కూడా ఉంది.

"ఏదీ, అంత గొప్పదేమిటో చూద్దాం. ఒక్క ముక్కే..."

హోల్డానమ్మ చెయ్యి అడ్డంగా లేచింది. నిండిపోయిన బస్సుకి ఫుట్‌బోర్డు దగ్గర ఎలా లేచేదో అలాగే.

"చేతులు కడుక్కు రండి వదినా."

భర్త తన అక్క మొహం వంక చూడలేక గోడ మీది గడియారం వంక చూశాడు. ఆ ఇంట్లో పెద్దావిడని, నలుగురిలో, తిండి దగ్గర చెయ్యి ఆపి కడుక్కు రమ్మన్నవాళ్ళు ఇంతవరకు పుట్టలేదు. వదిన మొహం జేవురించింది. లేచి వెళ్ళిపోతుందనే అందరూ అనుకున్నారు. హోల్డానమ్మ చెయ్యి దించలేదు. కోపంగానూ లేదు, బతిమాలుతున్నట్టూ లేదు. బండి ఆపి నిలబడ్డట్టు నిలబడింది.

వదిన తన వేళ్ళ వంక చూసుకుంది. బల్ల మధ్యలో ఖాళీ అయిన స్టీలు డబ్బా వంక చూసింది. కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. గుమ్మం వైపు వెళ్ళలేదు, చేతులు కడుక్కునే చోటికి వెళ్ళింది. నీళ్ళ చప్పుడు వచ్చింది, ఆగింది, సబ్బుకి కాబోలు మళ్ళీ వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు తడిచేతులు రెండూ గాల్లోనే పట్టుకుని, దారిలో ఏ కుర్చీకీ తగలకుండా ఒళ్ళు ఒదిగించుకుంటూ వచ్చింది. మూతి కూడా కడుక్కుంది. మరదలి ముందు నిలబడి ఆ చేతులు చూపించింది.

"దేనికీ తగల్లేదు. చూసుకో."

హోల్డానమ్మ నిజంగానే చూసింది. అటూ ఇటూ తిప్పించి మరీ చూసింది. తర్వాత పెనంలోంచి పెద్ద ముక్క తుంచి ఆ తడిచేతిలో పెట్టింది.

"టికెట్టు తీసుకున్నారు. కూర్చోండి వదినా."

వదిన కూర్చుంది. హోల్డానమ్మ తన ముక్క తాను తీసుకుని, బల్ల చుట్టూ ఒకసారి చూసి, ఆ రోజుకీ ఆ ఉద్యోగానికీ ఆఖరుసారి గొంతెత్తింది.

"రైట్, రైట్."